కోడి బొమ్మ పేజీ

ఎల్ గ్వామో, హోండురాస్
3 మార్చి 1996

చెల్లీ ఎర్మెలిండా,

ఈ ఉత్తరం ఎవరిచేతో రాయించాననుకోకు. నేనే రాస్తున్నాను, మీ పెద్దమ్మ కూతుర్ని, నీ నార్డా అక్కని. ముందు కూర్చో. కూర్చున్నావా? ఇప్పుడు నెమ్మదిగా చదువు. నేను నెమ్మదిగానే రాశాను, ఈ నాలుగు ముక్కలకీ రెండు మధ్యాహ్నాలు పట్టింది.

నాకు నలభై ఎనిమిది నిండాయి. మోకాళ్ళు పట్టేస్తున్నాయి కానీ చెయ్యి బాగానే ఆడుతోంది. మీ అమ్మ కులాసా. నువ్వు పంపే ఉత్తరాలు ఇప్పుడు ఫాదర్ దగ్గరికి పట్టుకెళ్ళడం లేదు, నేనే చదివి వినిపిస్తున్నాను. నువ్వు అక్కడ పెద్ద అధికారివని, నీకు సొంత గది ఉందని రాశావు కదా, ఆ ముక్క పిన్ని నాచేత మూడుసార్లు చదివించుకుంది.

నీ ఆఫీసులో ఏం పని చేస్తావో నాకు సరిగ్గా రాయి. తెలుసుకోవాలని ఉంది.

మీ అక్క,
లియొనార్డా

సాన్ హోసే, కోస్టారికా
28 మార్చి 1996

నార్డా అక్కా!

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివానంటే నమ్ము. కవరు మీద రాత చూసి ఎవరో బడిపిల్లలనుకున్నాను, కోప్పడకు. మా గదిలో వాళ్ళందరికీ చూపించాను. "చూశారా, పద్దెనిమిదేళ్ళు కూడా నిండకముందు నేను చదువు చెప్పిన మనిషి ఈవిడే!" అన్నాను. ఎనభై ఏడులో నేను నాటిన విత్తనం ఇన్నాళ్ళకి మొలకెత్తింది. నాకెంత గర్వంగా ఉందో!

నా పని అడిగావు. ఇరవై దేశాల నుంచి కాగితాలొస్తాయి. ఏ దేశంలో పెద్దవాళ్ళు ఎంతవరకు చదువుకున్నారో అన్నీ పక్కపక్కన పెట్టి ఒక పెద్ద పట్టిక చేస్తాం. వినడానికి సులువే. కానీ ఒక దేశంలో ఆరేళ్ళు బడికెళితే చిన్న చదువు పూర్తయినట్టు, ఇంకో దేశంలో ఏడేళ్ళు. ఒకరేమో పేరు రాయగలిగితే చాలు, చదువు వచ్చినట్టే అంటారు. ఇంకొకరు నాలుగు వాక్యాలు చదివి అర్థం చెప్పాలంటారు. వీటన్నిటినీ ఒక్క కొలతకి తేవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. ఇక్కడి వాళ్ళు పట్టికలో పైన కూర్చుని మనవాళ్ళని చూసి ముసిముసిగా నవ్వుతారు. పోయినేడు మన దేశం ఒక మెట్టు పైకెక్కింది. ఆ రోజు నేను ఆఫీసంతా కొబ్బరి రొట్టెలు పంచాను.

అమ్మని జాగ్రత్తగా చూసుకో. నా ఉత్తరాలు చదివేటప్పుడు కాస్త గట్టిగా చదువు, ఎడమ చెవి వినపడదు.

నీ చెల్లి,
ఎర్మెలిండా

ఎల్ గ్వామో
20 ఏప్రిల్ 1996

ఎర్మెలిండా,

నువ్వు నాటిన విత్తనమా? ఆ మాట చదివి ఒళ్ళు మండి పెన్సిలు విరిచేశాను. కొత్తది దొరికేసరికి వారం పట్టింది, అందుకే జవాబు ఆలస్యమైంది.

నీ జ్ఞాపకం కాస్త పాడైనట్టుంది. చివరి ఏడాది పిల్లలు ఒక్కొక్కరూ ఇద్దరు పెద్దవాళ్ళకి చదువు నేర్పిస్తేనే డిప్లొమా ఇస్తారు కదా. నీ ఇద్దరం మీ అమ్మా నేనూను. ఇన్‌స్పెక్టరు రావడానికి ముందు ముచ్చటగా మూడు మధ్యాహ్నాలు వచ్చావు. నా పేరు ఎలా గియ్యాలో చూపించావు. నేను కుండ మీద ముగ్గు గీసినట్టు గీశాను. ఆ పైన కోడి బొమ్మ ఉన్న పేజీ బట్టీ పట్టించావు. "కోడి గింజలు తింటుంది. పిల్లలు వెనకాలే పోతాయి. మా వాకిలి శుభ్రంగా ఉంది." మీ అమ్మకి బాతు బొమ్మ పేజీ. ఇన్‌స్పెక్టరు కోడి బొమ్మ దగ్గర పుస్తకం తెరిచాడు, నేను గడగడా అప్పజెప్పాను. ఆయన రిజిస్టర్లో రాసుకున్నాడు: ఎనిమిది నెలలు, రోజూ తరగతి, చదవడం వచ్చు, రాయడం వచ్చు.

"పరీక్ష గట్టెక్కనీ అక్కా, ఆ తర్వాత రోజూ వచ్చి నిజంగా నేర్పిస్తా" అన్నావు. ఒట్టు కూడా వేశావు. మొక్కజొన్న ఉడికించి దించాక చేతులు కడుక్కుని గుమ్మంలో కూర్చునేదాన్ని, నువ్వొస్తావని. డిసెంబర్ దాకా కూర్చున్నాను. నువ్వు డిప్లొమా పట్టుకుని బస్సెక్కేశావని మీ అమ్మే చెప్పింది.

ఇక తర్వాతి సంగతి విను. తొంభై ఒకటిలో డాన్ అబెలీనో ఇంటికొచ్చాడు, ఊరంతా డాన్ అని మర్యాదగా పిలిచే ఆ కాఫీ కొట్టాయనే. మా నాన్న నాకిచ్చిన ఊట చేను ఉంది కదా, ఆ ఊట నుంచి తన తోటకి రెండేళ్ళు గొట్టం వేసుకుంటానన్నాడు. సరే, నీళ్ళేగా అన్నాను. కాగితం తీసి, వేలిముద్రకని సిరా డబ్బా మూత తీశాడు. నేనేమన్నానో తెలుసా? "డబ్బా తీసెయ్యండి డాన్ అబెలీనో, నాకు సంతకం వచ్చు" అన్నాను. ఎంత మురిసిపోయానో అప్పుడు! వేలిముద్ర వేసి ఉంటే, నేను కోరుకున్న మనిషొకరు ఆ కాగితం నాకు చదివి వినిపించి సాక్షి సంతకం చెయ్యాల్సొచ్చేది, చట్టం అలాగే ఉందట. సంతకం చేసేదానికి ఎవరూ చదివి వినిపించక్కర్లేదు. అది గొట్టం కాగితం కాదు. చేనూ, ఊటా అమ్మేసిన కాగితం.

కోర్టుకెళ్ళాను. నాకు చదువు రాదయ్యా అన్నాను. వాళ్ళు రిజిస్టరు తెప్పించి చూపించారు. అందులో వచ్చని ఉంది. కేసు కొట్టేశారు. ఇప్పుడు మా ఊట చుట్టూ ముళ్ళకంచె ఉంది. నేను రోజూ కిందనున్న ఏటిదాకా దిగి, నీళ్ళ కుండ నెత్తిన పెట్టుకుని, ఆ కంచె పక్కనుంచే ఎక్కి వస్తాను. నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంటుంది.

ఆ తర్వాతే నేర్చుకున్నాను, కసికొద్దీ. రేడియో బడి పాఠాలు వింటూ, చర్చిలో కూర్చుని, రెండేళ్ళు. నాకు నేర్పింది నువ్వు కాదు. డాన్ అబెలీనో అనుకో, కొంతవరకు నిజమే.

ఇంతకీ, ఆ పట్టికలో నేనూ ఉన్నానా? ఏ గడిలో ఉన్నాను? మీ ఇరవై దేశాల్లో ఏ దేశంలో పుట్టి ఉంటే ఆ రోజు నన్ను చదువురానిదని రాసుండేవాళ్ళు?

నన్ను ఆ గడిలోంచి తీసెయ్.

లియొనార్డా

సాన్ హోసే
15 మే 1996

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. చేను సంగతి నాకు నిజంగా తెలియదు. తెలిసి ఉంటే ఏదో ఒకటి చేసేదాన్ని.

పట్టికలో మనుషుల పేర్లుండవక్కా. లక్షల మందిని కూడి, భాగించి, ఒక అంకె వేస్తాం. అందులోంచి నిన్నొక్కదాన్ని ఎలా తియ్యను? తీసినా ఆ అంకె కదలదు. ఆ రోజుల్లో నాతో చదివిన వాళ్ళంతా అలాగే చేశారు. ముప్పై రెండు మందిమి. నేనొక్కదాన్నే పాపం చేసినట్టు మాట్లాడకు.

నీకు ఒక ఉన్ని శాలువా పంపుతున్నాను, పొద్దున్నే ఏటికి దిగేటప్పుడు కప్పుకో. అమ్మకి మాత్రం ఇవేవీ చెప్పకు, నీకు దణ్ణం పెడతాను. తన కూతురంటే ఆవిడకి ఎంత గొప్పో నీకు తెలుసు కదా.

ఎర్మెలిండా

ఎల్ గ్వామో
9 జూన్ 1996

ఎర్మెలిండా,

శాలువా బాగుంది. మేకకి కప్పాను, దానికి చలిజ్వరం.

చర్చి తరఫున పేదల కేసులు చూసే వకీలమ్మ ఒకావిడ కొత్తగా వచ్చింది. కొత్త సాక్ష్యం దొరికితే కేసు మళ్ళీ తెరవచ్చంటోంది. నాకు తొంభై ఒకటిలో చదువు రాదని మా చెల్లెలు ఒక కాగితం రాసి ఇస్తుందంటారా అని అడిగాను ఆవిణ్ణి. "తన డిప్లొమాకి తనే నిప్పు పెట్టుకునే మనిషి ఉంటుందా తల్లీ?" అని నవ్వింది. నాకూ అదే అనిపించింది. అందుకే నిన్ను ఆ కాగితం అడగను.

వేరే దారి ఆలోచించాను. అమ్మకం కాగితం మీద తేదీ ఈస్టర్ వారంలోది. ఆ ఈస్టర్‌కి నువ్వు ఊళ్ళోనే ఉన్నావు. డాన్ అబెలీనో ఇంట్లో భోంచేశావు కూడా, ఊరంతా చూసింది. కాబట్టి నేను కోర్టులో ఇలా చెబుతాను: ఆ కాగితం నాకు చదివి వినిపించింది మా చెల్లెలే, గొట్టం గురించే రాసి ఉందని నమ్మించింది కూడా ఆవిడే, నాకు చదువు చెప్పిన టీచరమ్మ కాబట్టి నమ్మాను. రిజిస్టరు నువ్వే నా టీచరమ్మవని చెబుతోంది. నన్ను కాదని నిన్ను ఎవరు నమ్ముతారో చూద్దాం. మోసంలో భాగం ఉన్నవాళ్ళని పొరుగు దేశం నుంచి కూడా పిలిపిస్తారట.

విచారణ ఆగస్టులో.

లియొనార్డా

సాన్ హోసే
24 జూన్ 1996

లియొనార్డా,

నీకు మతి పోయిందా? ఎంత గుండెలు తీసిన బంటువి! నా మీద ఇంత అబద్ధం ఆడటానికి నీకు నోరెలా వచ్చింది?

భోంచేశాను. అవును, ఆయన పిలిస్తే వెళ్ళి ఒక పూట మొక్కజొన్న తమాలీలు తిన్నాను, అంతే! ఆ కాగితం నేను కంటితో చూడలేదు, నీకు చదివి వినిపించలేదు. నేను నీ టీచరమ్మని అని ఎలా అంటావు? నేను నీకు ఒక్క అక్షరం కూడా నేర్పలేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు! మూడంటే మూడు మధ్యాహ్నాలు వచ్చాను. నీ పేరు గియ్యడం చూపించాను, కోడి బొమ్మ పేజీ బట్టీ పట్టించాను. ఎనిమిది నెలల తరగతులు లేవు, ఏమీ లేవు. రిజిస్టర్లో ఉన్నదంతా అబద్ధం. నేను ఊరు వదిలేనాటికి నీకు 'అ' అంటే ఏమిటో తెలియదు, ఆ ఈస్టర్ నాటికీ తెలియదు, పేరు గియ్యడం తప్ప. నువ్వు చదవలేని కాగితం మీద నీ అంతట నువ్వే పొగరుగా సంతకం పెట్టి, ఐదేళ్ళ కిందటి పాపం తెచ్చి నా నెత్తిన రుద్దుతావా?

ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను, ఎవరి ముందైనా చెబుతాను. ఇదిగో, పూర్తి పేరుతో సంతకం కూడా పెడుతున్నాను. చేతనైంది చేసుకో.

ఎర్మెలిండా దె హెసూస్ పినేడా

ఎల్ గ్వామో
1 సెప్టెంబర్ 1996

చెల్లీ,

ఇప్పుడు నిన్ను చెల్లీ అని పిలవచ్చు. నాకు కావలసింది ఇచ్చావు.

ఆ కాగితం నువ్వు నాకు చదివి వినిపించావని కోర్టులో అనాలనే ఉద్దేశం నాకు ఏ రోజూ లేదు. అది నిన్ను రెచ్చగొట్టడానికి రాసిందే. పెద్ద దొంగతనం అంటగడితే, దాన్నుంచి తప్పించుకోవడానికి చిన్నది నువ్వే ఒప్పుకుంటావని నాకు తెలుసు. చిన్నప్పుడూ అంతే. గుడ్లు దొంగిలించావా అంటే "లేదు, చక్కెర ఒక్కటే తిన్నాను" అనేదానివి.

విచారణ సంగతులు చెబుతాను, ఆనందించు. డాన్ అబెలీనో కొత్త టోపీ పెట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. మా వకీలమ్మ నీ ఉత్తరం బయటికి తీసింది, తపాలా ముద్రతో సహా. వాళ్ళ వకీలు లేచి, "ఆ ఉత్తరం ఆవిడే చదవాలి, చదువు రాదంటోందిగా, చూద్దాం" అన్నాడు. హాల్లో నవ్వులు. చదివితే 'చూశారా, వచ్చు!' అనాలని వాడి ఎత్తు. జడ్జిగారు నన్ను అడిగారు, చదువు ఎప్పుడు నేర్చుకున్నావమ్మా అని. తొంభై నాలుగులో మొదలుపెట్టానండీ అని చర్చివాళ్ళ హాజరు పుస్తకం ఇచ్చాను. సంతకం చేసిన మూడేళ్ళకి. అప్పుడు లేచి నిలబడి నీ ఉత్తరం చదివాను, మొదటి నుంచి చివరిదాకా. "కోడి బొమ్మ పేజీ" దగ్గర జడ్జిగారు మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. "నువ్వే పొగరుగా సంతకం పెట్టి" అన్న ముక్క కూడా దాటెయ్యకుండా చదివాను, అది నిజం కాబట్టి. డాన్ అబెలీనో టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంకో సాక్షి కూడా వచ్చి చెప్పింది. ఎవరో నేను చెప్పను.

అమ్మకం చెల్లదన్నారు. పై కోర్టుకెళతానని అబెలీనో ఎగురుతున్నాడు, ఎగరనీ. మొన్న శనివారం నేను నా చేత్తో ముళ్ళతీగ కత్తిరించాను. అరచెయ్యి చీరుకుపోయింది. ఊటలో పెట్టి కడుక్కున్నాను, హాయిగా ఉంది.

రిజిస్టరు అబద్ధమని తేలింది కాబట్టి జడ్జిగారు దాన్ని విద్యాశాఖకి పంపించారు. అది నేను అడగలేదు. అడ్డుపడనూ లేదు. ఆ కాగితం పంపుతుంటే చూస్తూ నిలబడ్డాను, కడుపు చల్లబడింది.

లియొనార్డా

సాన్ హోసే
19 అక్టోబర్ 1996

అక్కా,

నీ పగ చల్లారిందా? నా డిప్లొమా రద్దయింది. నోటీసు ఇక్కడి ఆఫీసుకే వచ్చింది, అందరి ముందూ తెరిచారు. పెద్దల చదువుల్ని లెక్కగట్టే చోట చదువు పూర్తికాని దాన్ని ఎలా ఉంచుకుంటామన్నారు. డిసెంబర్ దాకా గడువిచ్చారు. నా పక్క బల్ల పిల్ల, కోస్టారికా పిల్ల, నన్ను చూసి "ఇప్పుడు నువ్వు పట్టికలో ఏ గడిలోకి వస్తావు?" అని అడిగింది. హేళనగా కూడా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

నిజం చెబుతున్నాను, నాకు ఇక్కడ సొంత గది ఎప్పుడూ లేదు. నేను అంకెలు ఎక్కించే గుమాస్తాని. ఆ సంగతి అమ్మకి తెలియకూడదు. నీ కక్ష నాతోనే కదా, ఆవిడతో కాదు కదా. ఒక్క మేలు చెయ్యి. ఆఫీసువాళ్ళు నాకు పెద్ద పదవి ఇచ్చి దూరదేశం పంపుతున్నారని, కొన్నాళ్ళు ఉత్తరాలు రావని అమ్మకి చదివి వినిపించు. కాగితం మీద లేకపోతేనేం, కాగితం చేతిలో పట్టుకుని నీ నోటితో చెప్పు. అమ్మకి ఏం తెలుస్తుంది?

నీకు దణ్ణం.
ఎర్మెలిండా

ఎల్ గ్వామో
24 నవంబర్ 1996

ఎర్మెలిండా,

నీ ఉత్తరానికి జవాబు నేను రాయను. రాయవలసిన మనిషికి ఆ ఉత్తరం ఇచ్చేశాను. ఇది పిన్ని రాసుకుంది, ఐదు ఆదివారాలు కూర్చుని. సాయం చెయ్యనా అంటే నా చెయ్యి తోసేసింది.

నార్డా

మెలిండా,

నేను మీ అమ్మని. ఫిలొమెనాని. ఇది నేనే రాస్తున్నాను.

కాగితం మీద ఉన్నది నాకు తెలుస్తుంది.

నీకు గది లేదని చదివాను. నార్డా ఇంట్లో లేనప్పుడు నేనొక్కదాన్నే చదివాను. ఒక పూటంతా పట్టింది. ఆ రోజు పొయ్యి మీద బీన్స్ మాడిపోయాయి.

కోర్టులో రెండో సాక్షిని నేనే. బాతు బొమ్మ పేజీ అక్కడ అప్పజెప్పాను. ఇంకా నోటికొచ్చు. జడ్జిగారు వేరే పేజీ తెరిచారు, అప్పుడు చదవలేకపోయాను. అందరూ చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. నా కూతురు నాకు చదువు చెప్పిందని తొమ్మిదేళ్ళు ఊళ్ళో చెప్పుకున్నాను కదా. ఆ మర్నాటి నుంచే నార్డా దగ్గర కూర్చున్నాను.

నీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది. అన్నం పెడతాను, కోపం మాత్రం పోదు.

ఇద్దరు పెద్దవాళ్ళకి చదువు చెబితే డిప్లొమా మళ్ళీ ఇస్తారని నార్డా విచారించింది. నీ ఆఫీసులో చెప్పు, డిసెంబర్ అయ్యాక ఊరు వెళుతున్నానని. బస్సు గురువారం వస్తుంది. మన ఊళ్ళో చదువు రానివాళ్ళు ఇంకా పదకొండు మంది ఉన్నారు, నేనే లెక్కపెట్టాను.

అందులో మా ఇద్దర్నీ వెతక్కు. మేం నీకు దొరకం. మాకు వచ్చేసింది.

మీ అమ్మ